సైకిలుకు వేగ పరిమితి వర్తిస్తుందా?

ప్రశ్న: చీరాల నుంచి వాడరేవుకు వెళ్లే రోడ్డు మీద సైకిలు తొక్కేవారికి కూడా వేగ పరిమితి వర్తిస్తుందా?

జవాబు: వేగ పరిమితిని విధించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్. ఇంజను, బ్యాటరీ వంటి యాంత్రిక శక్తితో నడిచేదాన్నే ఆ చట్టం మోటారు వాహనంగా నిర్వచించినందున, కాళ్ల బలంతో కదిలే సైకిలు దాని పరిధిలోకి రాదు. అతివేగానికి 183వ సెక్షన్ విధించే జరిమానా కూడా దానికి వర్తించదు.

బ్యాటరీ సైకిళ్ల విషయంలో మాత్రం, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండి, బరువు వంటి ఇతర షరతులకు లోబడినవాటికే ఈ మినహాయింపు దక్కుతుంది. ఆ హద్దు దాటినవి మోటారు వాహనాలే కనుక వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, వేగ పరిమితి తప్పవు.

అయితే పరిమితి లేనంత మాత్రాన ఇష్టమొచ్చినట్లు తొక్కవచ్చని కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ ప్రకారం, బహిరంగ మార్గంలో ప్రాణాపాయం కలిగేలా దుడుకుగానో నిర్లక్ష్యంగానో వాహనం నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అక్కడ మోటారు ఉండాలన్న షరతు లేదు కనుక సైకిలు తొక్కేవారికీ అది వర్తిస్తుంది. అందువల్ల పర్యాటకులు, మత్స్యకారులు, పిల్లలు కలిసి నడిచే తీరప్రాంతపు రోడ్డుపై నెమ్మదిగా సాగడం చట్టరీత్యానే కాక ధర్మరీత్యా కూడా బాధ్యతే.