పదిహేడు సెంటీమీటర్ల క్రమశిక్షణ

నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకోవాలని ఉందా? ఒక చిన్న కంప్యూటర్‌ను సొంతంగా బిగించి, అందులో లైనక్స్ ఎక్కించండి. కరీంనగర్‌లో ఉన్నా, ఆదిలాబాద్‌లో ఉన్నా ఇది మీకు సాధ్యమయ్యే పనే. దీనికోసం హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో గది తీసుకోనక్కర్లేదు.

చిన్నదే ఎందుకంటారా? పెద్ద క్యాబినెట్ మన తొందరపాటును భరిస్తుంది, చిన్నది భరించదు. మినీ ఐటీఎక్స్ బోర్డు పొడవు 17 సెంటీమీటర్లు, వెడల్పూ అంతే. ర్యామ్‌కు సాధారణంగా రెండు స్లాట్లు, అదనపు కార్డుకు ఒక్కటే. క్యాబినెట్‌లో కూలర్‌కు 45 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటే, మీరు ముచ్చటపడి కొన్న 60 మిల్లీమీటర్ల కూలర్ ఎంత గొప్పదైనా మూత పడదు. ప్రాసెసర్‌ను బట్టి వేడి, వేడిని బట్టి కూలర్, కూలర్‌ను బట్టి క్యాబినెట్. ఒకటి మార్చారంటే మిగతావన్నీ మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే. అందుకే రూపాయి తీయకముందే కాగితం తీయండి. ఈ యంత్రంతో ఏం పని చేయబోతున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం కుదరకపోతే ఇంకా దుకాణానికి వెళ్లే సమయం రాలేదన్నమాట.

మన ఎండలను కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి. ఇంటర్నెట్‌లో కనిపించే పరీక్షలు చాలావరకు చల్లటి గదుల్లో చేసినవి. గది 25 డిగ్రీలున్నప్పుడు బరువైన పని ఇస్తే ప్రాసెసర్ 70కి చేరిందనుకోండి. అంటే గది కన్నా 45 ఎక్కువ. రోహిణి కార్తెలో రామగుండంలోనో మంచిర్యాలలోనో మీ గదే 40 దాటుతుంది. అప్పుడు అదే పనికి ప్రాసెసర్ 85 దాటుతుంది. 95, 100 దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి 65 వాట్ల ప్రాసెసర్ మీద మనసు పడినా, మీ పనికి 35 వాట్లది చాలునేమో నిజాయితీగా ఆలోచించండి. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్‌కూ భారం తగ్గుతుంది. గోదావరిఖని లాంటి బొగ్గు ఊళ్లలో ఉంటే గాలి వచ్చే చోట జాలీ తప్పనిసరి, దాన్ని తరచూ దులపడమూ తప్పనిసరి.

డబ్బు తక్కువుందా? ఆఫీసులు వదిలించుకునే పాత మినీ కంప్యూటర్లు చూడండి. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ లాంటివి దాదాపు లీటరు పరిమాణంలోనే ఉంటాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి పనికిరావని పక్కన పెట్టిన ఈ పెట్టెల మీద లైనక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. విప్పి, శుభ్రం చేసి, ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చి మళ్లీ బిగించండి. చేతికి పని తెలుస్తుంది.

అసలు పరీక్ష లైనక్స్ ఎక్కించిన తర్వాతే మొదలవుతుంది. వైఫై రాదనుకోండి. చాలామంది ఇక్కడే "పనిచేయట్లేదన్నా" అని సీనియర్‌కు ఫోన్ చేస్తారు. అది ప్రశ్న కాదు, ఆయన దగ్గర దానికి జవాబూ ఉండదు. టెర్మినల్ తెరిచి "ఎల్ఎస్‌పీసీఐ" అని కొట్టండి. యూఎస్‌బీ డాంగిల్ అయితే "ఎల్ఎస్‌యూఎస్‌బీ". మీ వైఫై చిప్ ఎవరు చేసిందో, ఏ మోడలో ఒక వరుసలో కనిపిస్తుంది. "sudo dmesg" కొడితే కెర్నల్ దాన్ని గుర్తించిందో లేదో, ఏ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదో తెలుస్తుంది. ఆ రెండు వరుసలూ కాపీ చేసుకుని అప్పుడు అడగండి. సగం సందర్భాల్లో అడిగే అవసరమే రాదు, ఆ వరుసలోనే దారి ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు అది ఎక్కడుందో కచ్చితంగా చెప్పగలిగే మనిషిని ఏ ఉద్యోగంలోనైనా నెత్తిన పెట్టుకుంటారు. బాసర ట్రిపుల్ ఐటీలోనో, జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలోనో చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను ముందుగా చెప్పేది ఇదే. మార్కులకన్నా ముందు ఈ అలవాటు చేసుకోండి.

ఇంతకీ మీ ఒక్క వాక్యంలో ఏం రాస్తారు? మన దగ్గర చేయాల్సిన పని చాలా ఉంది. స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ చేసింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. నోటో ఫాంట్లలో ఆ లిపి ఉచితంగా దొరుకుతుంది. లైనక్స్ ఉన్న చిన్న పెట్టెలో ఆ ఫాంట్ వేస్తే గోండి అక్షరం తెర మీద కనిపిస్తుంది. ఆ లిపిలో టైపు చేసే తేలికైన కీబోర్డు అమరికలు, పిల్లల పాఠాలు, పదాల పట్టికలు ఇంకా ఎన్నో కావాలి. వీటికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, గోండి మాట్లాడే మిత్రుడొకరు, ఓపిక ఉంటే చాలు.

ఈ ఆదివారం కాగితం మీద ఆ ఒక్క వాక్యం రాయండి. యంత్రం సిద్ధమయ్యాక దాన్ని మీ గదిలోనే ఉంచుకోకండి, ఊళ్లో బడికో గ్రంథాలయానికో తీసుకెళ్లి మరో పదిమంది చేత నడిపించండి.