కళయు కాయకమే



12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు బోధించిన ధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నుల వంటివి. సత్యశుద్ధముగా చేయు పని కాయకము. దాని ఫలమును సమాజమునకు సమర్పించుట దాసోహము. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. కిన్నర బ్రహ్మయ్య కిన్నెర వాయించెను. శరణులు ఈ పనులలో ఎక్కువ తక్కువలు ఎంచలేదు. కావున పల్లెలోని కళాకారుని పాటయు కాయకమేయని గ్రహింపవలెను.

ఈ దృష్టితో మన గ్రామములను పరిశీలింతము. జనగామ జిల్లా పాలకుర్తి, బసవపురాణకర్త పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన గ్రామము. వీరభద్రవిజయము రచించిన పోతన గ్రామముగా ప్రసిద్ధిగాంచిన బమ్మెరయు ఆ మండలములోనిదే. సోమనాథుడు సామాన్యులు పాడుకొనదగిన ద్విపదను చేపట్టెను. పండితారాధ్యచరిత్రలో తుమ్మెదపదములను, ప్రభాతపదములను, వెన్నెలపదములను పేర్కొనెను. ఆనాటి పదముల పేర్లు మనకు చేరినవి, బాణీలు చేరలేదు. గ్రంథము పేరును కాపాడగలదు గాని, బాణీని కాపాడునది శిష్యుని కంఠమే.

నేడు వీరభద్ర ఖడ్గములకును అట్టి ప్రమాదమే కలదు. వీరణము మ్రోగుచుండగా, "శరభ శరభ" యను కేకల నడుమ, దక్షయజ్ఞ ధ్వంసమును చదువుచు ఆడు పెద్దలు కన్నుమూసిన, నేర్చినవారు లేనిచోట ఆ విద్యయు వారితోనే పోవును. గోడలకు రంగులు వేయించుటకు చందాలు ప్రోగుచేయు మనము, ఈ విద్య కొరకు ఎంత వెచ్చించుచున్నాము? స్థావరము నశించును, జంగమము నిలుచునన్న బసవబోధ ఇచ్చట స్మరణీయము.

తెలంగాణమున కిన్నెరను దక్కలి కళాకారులు తరతరములుగా నిలిపినారు. పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటింపబడినది. పురస్కారమిచ్చుట ప్రభుత్వము వంతు. శిష్యులను తీర్చుట సమాజము వంతు. కిన్నర బ్రహ్మయ్యకు మ్రొక్కి, కిన్నెర పట్టినవానిని వాకిట నిలిపిన యెడల ఆ మ్రొక్కు వ్యర్థము.

మఠములు, కుటుంబములు ఆచరింపదగిన పనులు మూడు:

1. ఖడ్గములను, పాటలను పాడువారి అనుమతితో, వారి పలుకుబడి దిద్దక వ్రాసి, ధ్వనిముద్రణ చేయవలెను. ఎవరు ఎవరివద్ద నేర్చిరో అందు చేర్చవలెను.

2. ప్రతి సోమవారము మఠమున బాలబాలికలకు నేర్పించి, గురువునకు నియతముగా వేతనమీయవలెను. అది భిక్ష కాదు, కాయక ఫలము.

3. ఉత్సవ దినమున కళాకారులను, వారే కులమువారైనను, మన పంక్తిలోనే కూర్చుండబెట్టి ప్రసాదము వడ్డింపవలెను.

మొదటి రెండింటికి ధనము చాలును. మూడవదానికి మనస్సు కావలెను. బసవన్న మనలను పరీక్షించునది అచ్చటనే.