సెలీనియం: జుట్టుకు ఎంత మేలు, ఎంత కీడు?

ఖాతాల శిబిరాల పని మీద ఛత్తీస్‌గఢ్‌లోని కిష్టారం ప్రాంతానికి వెళ్ళివచ్చాక నాకు మలేరియా వచ్చింది. పూర్తి కోర్సు మందులు వాడాను, తగ్గింది. రెండున్నర నెలలు గడిచాక తల దువ్వుకుంటే గుప్పెడు జుట్టు చేతిలోకి రావడం మొదలైంది. "అక్కడి నీళ్ళు పడలేదు" అన్నారు ఇంట్లో. నేను ఫోన్లో రెండు వీడియోలు చూసి, ఇది సెలీనియం లోపమని తేల్చేశాను.

జుట్టు కోసమని సెలీనియం ఉన్న క్యాప్సూల్ కొన్నాను. అప్పటికే మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. వాటికి తోడు రోజుకు మూడు బ్రెజిల్ నట్స్. అయినా జుట్టు రాలుతూనే ఉంది.

మరోసారి కిష్టారం వెళ్ళినప్పుడు శిబిరానికి వచ్చిన ఒక పెద్దామె నా తల చూసి, "జొరం పడ్డవా బాబూ? జొరం పోయినంక జుట్టు ఊడుద్ది, మళ్ళా వస్తది" అంది. నవ్వి ఊరుకున్నాను.

లెక్క తేలింది ఇలా

తిరిగి వచ్చాక డాక్టర్ గారి దగ్గరకు వెళితే, నేను తింటున్నవన్నీ కాగితం మీద రాయమన్నారు. క్యాప్సూల్‌లో 100 మైక్రోగ్రాములు, మల్టీవిటమిన్‌లో 40, మూడు గింజల్లో 200కు పైనే. మొత్తం 340 దాటింది. భోజనంలో వచ్చేది దీనికి అదనం. మన దేశంలో పెద్దవారికి రోజుకు సిఫారసు చేసింది సుమారు 40 మైక్రోగ్రాములే! రోజూ ఇతరుల లెక్కలు సరిచూసే నేను, నా మూడు సీసాల లెక్క కూడుకోలేదు.

మేలు, కీడు

సెలీనియం మన శరీరానికి అవసరమే. కణాలను కాపాడే కొన్ని ఎంజైములకూ, థైరాయిడ్ హార్మోన్ సక్రమంగా పనిచేయడానికీ అది కావాలి. థైరాయిడ్ తేడా వస్తే జుట్టు రాలుతుంది కనుక ఆ సంబంధం నిజమే. కానీ అవసరానికీ అతికీ మధ్య దూరం తక్కువ. సెలీనియం మోతాదు మించితే జుట్టులోని కెరటిన్‌లో గంధకం ఉండాల్సిన చోట చేరి, ఆ ప్రోటీన్ బంధాలను బలహీనపరుస్తుంది. జుట్టు రాలడం, గోళ్ళు పెళుసెక్కడం, నోట్లో వెల్లుల్లి వాసన దీని లక్షణాలు.

1960ల తొలినాళ్ళలో చైనాలోని ఎన్‌షీ ప్రాంతంలో, నేలలోని సెలీనియం పంటల్లోకి చేరి, జనానికి జుట్టూ గోళ్ళూ ఊడిపోయాయి. మన పొరుగునే, మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లా షేగావ్ తాలూకా గ్రామాల్లో 2024 డిసెంబర్ చివర మొదలై, రోజుల వ్యవధిలోనే వందల మందికి జుట్టు రాలింది. అక్కడ పరిశోధించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ బాధితుల రక్తం, జుట్టులో సెలీనియం ఎక్కువగానూ జింకు తక్కువగానూ ఉన్నట్టు గుర్తించి, రేషన్ గోధుమలే కారణమని అభిప్రాయపడ్డారు.

2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెద్దవారికి రోజుకు గరిష్ఠ పరిమితిని 255 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. మోతాదు మించిందనడానికి తొలి సంకేతంగా అది తీసుకున్నది జుట్టు రాలడాన్నే.

అసలు కారణం

నా రక్త పరీక్షల్లో థైరాయిడ్, ఐరన్ బాగానే ఉన్నాయి. తీవ్రమైన జ్వరం వస్తే చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల ఆపి విశ్రాంతి దశకు వెళతాయి. రెండు మూడు నెలలకు అవి రాలి, కొత్తవి వస్తాయి. కిష్టారం పెద్దామె చెప్పిందే డాక్టర్ గారూ చెప్పారు. క్యాప్సూల్స్, గింజలు మానేశాను. ఆరు నెలల్లో జుట్టు తిరిగి వచ్చింది.

మన ఇళ్ళలో పాటించదగినవి

* జుట్టు రాలుతుంటే గత మూడు నెలల్లో వచ్చిన జ్వరం, ఆపరేషన్, కాన్పు గుర్తుచేసుకోండి.
* మాత్ర కొనేముందు ఐరన్, థైరాయిడ్ పరీక్షల గురించి డాక్టరును అడగండి.
* ఇంట్లోని మాత్రల సీసాలన్నీ ఒకచోట పెట్టి, లేబుళ్ళ మీది సెలీనియం కూడి చూడండి.
* చేపలు, గుడ్లు, మాంసం, పప్పులు, ముడి ధాన్యాలు మార్చి మార్చి తినేవారికి సాధారణంగా విడిగా మాత్ర అవసరం ఉండదు.
* చుండ్రు షాంపూలోని సెలీనియం సల్ఫైడ్ కడిగేసే మందు. అది పోషణ కాదు.

సంతకం చేసేముందు షరతులు చదవమని ఖాతాదారులకు చెబుతుంటాం. మింగేముందు లేబుల్ చదవడం కూడా అలాంటిదే.