చేపల పడవకు తగిన ప్రొపెల్లరు

మామిడితోటల నడుమ నివసించు మనకు సముద్రపు పడవల సంగతి యేల యని కొందరు అడుగవచ్చును. మన పరిసరములలో కురిసిన వాన బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల వెంట కొల్లేటికి చేరి, అచ్చటినుండి ఉప్పుటేటి మీదుగా బంగాళాఖాతమున కలియుచున్నది. నీరు పోవు త్రోవను అనుసరించినచో కడలి మనకు పొరుగే. మరియొక సంబంధము కూడ కలదు. నూజివీటి రసములును బంగినపల్లి పండ్లును అంగళ్ళకు వచ్చు దినములలోనే, అనగా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిచెందుటకై తూర్పుతీరమున మోటారు పడవల వేట నిషేధింపబడుచున్నది. తోటవారికి ఊపిరి సలుపని ఆ రెండు మాసములును మచిలీపట్నపు గిలకలదిండి రేవువంటి చోటుల పడవవారికి వలలు బాగుచేసికొనుటకును, మోటార్లు విప్పి చూచుకొనుటకును దొరకు తీరిక. ప్రొపెల్లరును మార్చవలసియున్నచో అదియే అదను. కావున ఆ చిన్న వస్తువును గూర్చి ఈ వ్యాసమున విచారింతము.

చిన్న పడవలపై వేటకు పోవువారికి చమురు వ్యయము ప్రధానమైనది. చేపలు అమ్మగా వచ్చిన సొమ్ములో చమురు, మంచుగడ్డ మొదలగు ఖర్చులు తీసివేసి, మిగిలినదానిని పడవ యజమానియు పనివారును వాటాలు వేసికొనుట వాడుక. తగని ప్రొపెల్లరు దినదినమును ఆ వాటాలను కొరుకుచుండును. అంతియేగాక మోటారు వేడెక్కి అకాలమున చెడును. గాలి ఎదురై, అలలు పొంగి యున్నవేళ, బరువుతో నున్న పడవను ఒడ్డు చేర్చలేని మోటారు ఎంత గొప్ప కంపెనీదైనను ప్రయోజనమేమి?

ముందుగా ప్రొపెల్లరు పనిచేయు విధమును తెలిసికొందము. కొయ్యలో మరమేకును ఒక చుట్టు త్రిప్పినచో అది తన మర యెంత వాలుగా నున్నదో అంత దూరము లోనికి దిగును. ప్రొపెల్లరు రెక్కలు అట్టి మరలోని ముక్కలే. దాని నడిమి బొడ్డుమీద సాధారణముగా రెండు అంకెలు చెక్కబడియుండును. 9, 7 అని యున్నదనుకొందము. మొదటిది వ్యాసము: తిరుగునప్పుడు రెక్కల కొనలు గీయు వలయము 9 అంగుళముల అడ్డుకొలత గలది. రెండవదానిని పిచ్ అందురు: నీరు కొయ్యవలె గట్టిదై యున్నచో ఒక్క చుట్టునకు ప్రొపెల్లరు 7 అంగుళములు ముందునకు పోవును. కాని నీరు గట్టిది కాదు. రెక్క త్రోయగా కొంత వెనుకకు జారును. లెక్కప్రకారము పోవలసిన దూరమునకును నిజముగా పోయిన దూరమునకును గల వ్యత్యాసమును జారుడు అందము. ఈ జారుడును కేవల దోషముగా నెంచరాదు. నీటిని వెనుకకు త్రోసినగాని పడవ ముందునకు పోదు గదా.

రెక్క ఎంత పెద్దదైన అంత మేలని తలచుట తప్పు. ఇంగ్లాండు దేశమున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను వ్యవసాయదారుడు 1836లో మర ప్రొపెల్లరునకు పేటెంటు పొందెను. ఆయన మొదట కొయ్యతో చేయించినది రెండు పూర్తి చుట్లు గల పొడవైన మర. 1837లో కాలువయందు దానిని పరీక్షించుచుండగా ప్రమాదవశమున సగము విరిగిపోయెను. పడవ ఆగిపోవుటకు మారుగా మునుపటికంటె వేగముగా పోసాగెను! నాటినుండి ఆయన మరను పొట్టిగా చేయించెను. 1845లో బ్రిటిషు నౌకాశాఖవారు మర గల రాట్లర్ అను ఓడను, ప్రక్కచక్రములు గల అలెక్టో అను ఓడను వెనుకలు కలిపి కట్టి పెనుగులాడించగా, రాట్లరే రెండవదానిని వెనుకకు లాగికొని పోయెను. నార్వేలో జన్మించి అమెరికాకు వలసపోయిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనుకకు తగిలించుకొనుటకు వీలైన మోటారును అమ్మకమునకు తెచ్చెను. నేడు మన తీరమున తెప్పలకును నావలకును తగిలించు మోటార్లు ఆ జాతివే.

ఇక ముఖ్యవిషయము. బరువెక్కిన లారీ మిట్ట యెక్కవలసివచ్చినప్పుడు డ్రైవరు చిన్న గేరు వేయును. ఖాళీగా చదునైన బాటమీద పోవునప్పుడు పెద్ద గేరు వేయును. పడవ మోటారునకు ముందునకు పోవుటకు ఒకటే గేరు. బరువునుబట్టి దానిని మార్చుటకు వీలులేదు. ప్రొపెల్లరే దాని గేరు. పిచ్ ఎక్కువైనచో పెద్ద గేరువంటిది. ఖాళీ పడవను పరుగెత్తించును గాని బరువు పడినప్పుడు మోటారును కూలద్రోయును. పిచ్ తక్కువైనచో చిన్న గేరువంటిది. బరువును లాగును గాని, మితిమీరి తగ్గినచో మోటారు ఊరక గిరగిర తిరుగును, పడవ సాగదు.

పడవ వేగమునకును ఒక హద్దు కలదు. నీటిని చీల్చుకొని పోవు బరువైన పడవ తన ముందొక అల, వెనుకనొక అల లేపి, ఆ రెంటి నడుమ గుంటలో చిక్కుకొనును. నీటిని తాకు పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలమును 1.34 చేత గుణించినచో, గంటకు సుమారు ఎన్ని సముద్రపు మైళ్ళు సుఖముగా పోగలదో తెలియును. 25 అడుగుల పడవకు 5ను 1.34 చేత గుణింపగా 6.7 మైళ్ళు. 1986లో గలిలయ సముద్రపు బురదలో క్రీస్తుకాలమునకు చెందిన చేపల పడవ యొకటి బయటపడెను. దాని పొడవు సుమారు 27 అడుగులు. నాటి జాలరులకు తెడ్లును తెరచాపయు ఆధారము, నేటివారికి మోటారు ఆధారము. అయినను బరువు పడవకు నీరు విధించు హద్దు నాడును నేడును ఒక్కటే. తేలికైన ఫైబరు పడవ ఖాళీగా నున్నప్పుడు నీటిపైకి లేచి ఈ హద్దును దాటగలదు. వలలును చేపలును నిండినపుడు దానికిని ఆ శక్తి తగ్గును.

లెక్క చూతము. మోటారు నిమిషమునకు 5,000 చుట్లు తిరుగుననియు, లోని పళ్ళచక్రములవలన ప్రొపెల్లరు అందులో సగము, అనగా 2,500 చుట్లు తిరుగుననియు అనుకొందము. పిచ్ 9 అంగుళములైనచో జారుడు లేనియెడల నిమిషమునకు 22,500 అంగుళములు, అనగా 1,875 అడుగులు. గంటకు 1,12,500 అడుగులు. సముద్రపు మైలునకు 6,076 అడుగులు గావున గంటకు 18.5 మైళ్ళు. మన 25 అడుగుల పడవ పోగలిగినది 6.7 మైళ్ళు మాత్రమే! ఆ ప్రొపెల్లరుతో మోటారు 5,000 చుట్లకు ఎన్నటికిని చేరజాలదు. రొప్పుచు, పొగ విడుచుచు, తక్కువ చుట్లలోనే ఆగిపోవును. పిచ్ 6 అంగుళములైనచో ఇదే లెక్క 12.3 మైళ్ళు వచ్చును. ఇందును జారుడు సగమునకు దగ్గరగా నున్నను, బరువు పడవలయందు అది వింత కాదు.

ఐనను ఈ లెక్క త్రోవ చూపునదేగాని తీర్పు చెప్పునది కాదు. తీర్పు చెప్పవలసినది నీటిమీది పరీక్ష. దాని క్రమమిది. మొదట, మోటారుతో వచ్చిన పుస్తకములో పూర్తి వేగమున అది ఎన్ని చుట్లనుండి ఎన్ని చుట్లవరకు తిరుగవలెనో చూడవలయును. రెండవది, పడవలో దినమును వేటకు తీసికొనిపోవునంత బరువు, అనగా మనుష్యులు, వలలు, మంచుగడ్డ, చమురు అన్నియు నింపవలయును. మూడవది, అలలు లేని చోట పూర్తి వేగమున నడిపి చుట్లను లెక్కింపవలయును; స్పార్కు ప్లగ్గు తీగకు చుట్టినచో చుట్లను చూపు చిన్న సాధనములు దొరకుచున్నవి. నాల్గవది, పుస్తకములోని అంకెలతో పోల్చవలయును. చుట్లు తక్కువైనచో పిచ్ తగ్గింపవలయును, ఎక్కువైనచో పెంపవలయును. ఒక అంగుళము పిచ్ మార్చినచో సుమారు 150 మొదలు 200 చుట్ల వరకు తేడా వచ్చును. ఐదవది, బరువు దింపి మరల పరీక్షించి, ఖాళీగా నున్నప్పుడు చుట్లు హద్దు మీరుచున్నవేమో చూడవలయును. మీరినచో ఖాళీ పడవను పూర్తి వేగమున నడుపరాదు.

ఖాళీ పడవతో పందెము గెలిచిన ప్రొపెల్లరునే కొనవలెనని యువకులకు ఉబలాటముండును. కాని పడవ కుటుంబమును పోషించునది ఖాళీగా పోవునప్పుడు కాదు, నిండుగా వచ్చునప్పుడు.

వ్యాసమును గూర్చియు ఒక మాట. ఒక మణుగు నీటిని సెకనుకు 2 అడుగుల వేగమున వెనుకకు త్రోసినను, రెండు మణుగుల నీటిని 1 అడుగు వేగమున త్రోసినను పడవకు కలుగు తోపు సమానమే. కాని వేగముయొక్క వర్గమునుబట్టి శక్తి వ్యయమగును గావున, మొదటి పద్ధతిలో రెండింతల శక్తి ఖర్చగును. కాబట్టి పెద్ద వ్యాసము గల ప్రొపెల్లరును మెల్లగా త్రిప్పుట బరువు పడవకు మేలు. ఐతే మోటారు పెట్టె అడుగున చోటు కొంతయే. మోటారును కొనునప్పుడే బరువుపనికి తగిన పళ్ళచక్రములును, పెద్ద ప్రొపెల్లరుకు చోటును గలదానిని ఎంచుకొనవలయును. మూడు రెక్కలది సాధారణము. నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకొనును, అదురు తక్కువ. వేగము కొంచెము తగ్గవచ్చును.

లోహమును చూచి ఎంచుకొనుటయు అవసరము. ఏటి మొగలయందు ఇసుకతిన్నెలు మెండు. అల్యూమినియపు రెక్క తిన్నెకు తగిలి వంగును. ఐనను చవుక, బాగుచేయవచ్చును. ఉక్కు రెక్క వంగదు. ఆ దెబ్బ లోని పళ్ళచక్రములకు పోవచ్చును. చిన్న మోటార్లు కొన్నిటియందు దెబ్బ తగిలినప్పుడు తాను తెగి చక్రములను కాపాడు మెత్తని పిన్ను ఉండును. అది తెగినచో మోటారు మ్రోగును గాని పడవ కదలదు. దాని స్థానమున గట్టి ఇనుపమేకును దూర్చుట పది రూపాయల వస్తువుకై వేల రూపాయల వస్తువును బలియిచ్చుటయే. అదనపు పిన్నులు, పానా, పాత ప్రొపెల్లరు, తెడ్లు పడవలో ఎల్లప్పుడు ఉండవలయును. వలదారము ఇరుసునకు చుట్టుకొనినను, కొల్లేటి ప్రాంతపు కాలువలలో గుర్రపుడెక్క తగులుకొనినను, మోటారును ఆపిన పిమ్మటనే చేయి పెట్టవలయును.

క్రొత్త ప్రొపెల్లరును కొనుటకు ముందు పాతది వంగియున్నదేమో, మోటారు ఎత్తు సరిగానున్నదేమో చూడవలయును. ప్రొపెల్లరు పైనున్న అడ్డపలక పడవ అడుగునకు సమముగా గాని కొంచెము క్రిందుగా గాని ఉండవలయును. పైకి లేచినచో రెక్కలు గాలిని లాగికొని వృథాగా తిరుగును.

సరియైన ప్రొపెల్లరు దొరకిన పిమ్మట చేతిలోని అదుపు మిగిలియున్నది. మోటారుపై పడు శక్తి సుమారుగా చుట్ల ఘనమునుబట్టి పెరుగును. వేగమును పదవవంతు తగ్గించినచో శక్తి 0.9 ఘనమగు 0.73 వంతునకు దిగును. ప్రయాణకాలము కొంత పెరుగును గావున, అదే దూరమునకు చమురు సుమారు 0.81 వంతు పట్టును. అనగా నూరు లీటర్లకు పందొమ్మిది లీటర్ల ఆదా. తొందరలేని నాడు ఇంతకంటె సులభమగు సంపాదన ఏది?

పనిముట్టును దాని పేరునుబట్టి గాని, ఇతరులు పొగడుటనుబట్టి గాని ఎన్నుకొనరాదనియు, మనము మోయవలసిన బరువునుబట్టి కొలిచి ఎన్నుకొనవలెననియు ఈ పాఠమువలన గ్రహింపవలయును.

విద్యార్థులకు అభ్యాసము: 1. 36 అడుగులు నీటిని తాకు బరువు పడవ గంటకు ఎన్ని సముద్రపు మైళ్ళు సుఖముగా పోగలదు? 2. పూర్తి వేగమున 5,000 మొదలు 6,000 చుట్లు తిరుగవలసిన మోటారు, 10 అంగుళముల పిచ్ గల ప్రొపెల్లరుతో నిండు బరువుమీద 4,600 చుట్లే తిరుగుచున్నది. అంగుళమునకు 200 చుట్లు తేడా వచ్చునని యెంచి, 5,200 చుట్లు వచ్చుటకు ఏ పిచ్ గల ప్రొపెల్లరును తేవలెనో చెప్పుము.