49 రూపాయల పగటి భోజనము

మన కుటుంబములలోని పిల్లలు కళాశాలకో, దుకాణమునకో, ఆఫీసుకో పోయి పగటిపూట ఇంటికి రాలేకపోవుట ఇప్పుడు సామాన్యమైనది. టిఫిను క్యారియరు పట్టుకొని పోవువారు తగ్గిరి. పలువురు పిజ్జా దుకాణములో చవుకగా దొరకు భోజనముతో పొద్దు గడుపుచున్నారు. ఈ సంగతి చెవిని పడగానే పెద్దలలో కొందరు "వద్దు" అని ఒక్క మాటతో తేల్చివేయుదురు. పిల్లలు తినుట మానరు; ఇంట చెప్పుట మాత్రము మానుదురు. అసలు నష్టము అదియే. సరకు సంగతి తెలియక కొనుటయు, తెలియక కాదనుటయు వర్తకునకు తగదు. కావున ఈ భోజనము ఎట్లు పుట్టినది, అంత తక్కువ ధరకు ఎట్లు ఇయ్యగలుగుచున్నారు, అందులో ఏమేమి యుండును, మనము ఏమి అడుగవలెను అను విషయములను విచారింతము.

పుట్టుక

పిజ్జా ఇటలీ దేశపు వంటకము. దానిని ఊరూర ఒకే పేరుతో, ఒకే రుచితో అమ్ము వ్యాపారముగా పెంచినవారు అమెరికనులు. 1958లో కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా పట్టణమున డాన్ కార్నీ, ఫ్రాంక్ కార్నీ అను అన్నదమ్ములు తల్లివద్ద 600 డాలర్లు అప్పు తీసుకొని పిజ్జా హట్ తెరచిరి. 1960లో మిషిగన్ రాష్ట్రమున టామ్ మోనహన్ తన సోదరునితో కలిసి కొన్న చిన్న దుకాణమే తరువాత డామినోస్ అయినది. రెండును స్వల్పమైన పెట్టుబడితో మొదలైన కుటుంబ వ్యాపారములే.

ఆ దుకాణములకు ఒక చిక్కు ఉండెను. పిజ్జా సాయంకాలము నలుగురు కూర్చుండి పంచుకొని తిను పదార్థము. కాల్చుటకు కొంత సమయము పట్టును. పగలు ఒంటరిగా, గడియారము చూచుకొనుచు వచ్చు ఉద్యోగికి అది అనుకూలము కాదు. అందుచేత 1983లో పిజ్జా హట్ వారు ఒక్కరికి సరిపోవు చిన్న పిజ్జాను ప్రవేశపెట్టి, పగటి భోజనవేళ 5 నిమిషములలో అందింతుమని హామీ ఇచ్చిరి.

మన దేశమున 1996లో డామినోస్ మొదటి శాఖ ఢిల్లీలోను, పిజ్జా హట్ మొదటి శాఖ బెంగుళూరులోను వెలసినవి. 2022లో పిజ్జా హట్ వారు 79 రూపాయలు మొదలుకొనియు, 2023లో డామినోస్ వారు 49 రూపాయలు మొదలుకొనియు చిన్న పిజ్జాలను అమ్మకమునకు పెట్టిరి. ధర ఊరిని బట్టి, కాలమును బట్టి మారును. దాని వెనుకనున్న లెక్క మాత్రము మారదు.

చవుకలోని లెక్క

దుకాణపు కిరాయి, పనివారి జీతములు, పొయ్యి ఖర్చు ఇవి గిరాకీ ఉన్నను లేకున్నను తప్పవు. పగటిపూట బల్లలు ఖాళీగా ఉండుటకంటె, సరకు ఖరీదుపై కొద్దిపాటి మిగులుకైనను అమ్ముట మేలు. ఆ కొద్దియే కిరాయికి తోడగును. మన బట్టల కొట్లలో ఆషాఢమున తగ్గింపు ధర పెట్టుట కూడ ఇట్టిదే గదా! పైగా డామినోస్ వంటి సంస్థలు పిండిని కేంద్ర వంటశాలలలో పెద్దయెత్తున కలిపి, ఉండలుగా చేసి, చల్లని బండ్లలో శాఖలకు పంపును. అందువలన ఒక్కొక్క శాఖలో వంటవాని నేర్పుతోను, ఎక్కువ మందితోను పనిలేదు.

రెండవ సంగతి మరింత ముఖ్యము. 49 రూపాయలు దుకాణపు గడప వంటిది. గడప దాటినవాడు పానీయము అడుగును, "చీజ్ ఎక్కువ వేయమందురా?" అని వారడుగగా సరే అనును. ఉదాహరణకు పానీయము 60, అదనపు చీజ్ 30 అనుకొందము. మొత్తము 139 రూపాయలు. దానిపై 5 శాతము జి.ఎస్.టి. 6 రూపాయల 95 పైసలు. ఇచ్చినది దాదాపు 146 రూపాయలు. 49 చూచి లోనికి పోయినవాడు దానికి మూడింతలు దాదాపుగా చెల్లించి బయటికి వచ్చెను. ఇందులో మోసమేమియు లేదు. ప్రతి ధరయు పలకపై వ్రాసియే ఉన్నది. చదువుకొనక కొన్నవానిదే ఆ భారము.

పరిమాణము విషయమున మరియొక లెక్క పిల్లలకు నేర్పదగినది. 7 అంగుళముల పిజ్జా, 10 అంగుళముల పిజ్జా చూపునకు కొద్ది తేడాగా తోచును. కాని వృత్తమునకు వైశాల్యము లెక్కించవలెను. 7 అంగుళములదానికి వ్యాసార్ధము మూడున్నర. వైశాల్యము 38న్నర చదరపు అంగుళములు. 10 అంగుళములదానికి 78న్నర. అనగా పెద్దది ఒకటి, చిన్నవి రెండు ఇంచుమించు సమానము. పెద్దదాని ధర చిన్నదాని ధరకు రెండింతలు మించినచో, ఇద్దరు చెరియొక చిన్నది కొనుటయే లాభము. అయితే పైన వేయు కూరగాయలు, చీజ్ రెండింటిలోను ఒకే తీరున ఉన్నవా యని చూచుకొనవలెను. చవుక పిజ్జాపై సాధారణముగా ఒకటి రెండు రకముల ముక్కలే యుండును.

లోపల ఉండునది

ఇక మన ఇండ్లకు సంబంధించిన ముఖ్య విషయము. పలకపై ఆకుపచ్చ చతురస్రములో ఆకుపచ్చ చుక్క ఉన్నచో శాకాహారమని అర్థము. గోధుమ రంగు త్రిభుజము మాంసాహారమునకు గుర్తు. ఆకుపచ్చ చుక్క అంతవరకే చెప్పును. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప లేవని అది చెప్పదు.

పైన చల్లిన ఉల్లిముక్కలు తీసివేయింపవచ్చును. కాని అడుగున పూయు టమాటా సాసులో ఉల్లి, వెల్లుల్లి ముందే కలిసియుండవచ్చును. వాటిని తీయుట ఎవరి వశము కాదు. కావున "ఉల్లి వేయకుడు" అనుట చాలదు. "ఉల్లి వెల్లుల్లి లేని సాసు వేరుగా ఉన్నదా?" అని అడుగవలెను. గార్లిక్ బ్రెడ్ అను దానికి పేరే సాక్ష్యము. చల్లుకొనుటకిచ్చు పొట్లముల మీది అక్షరములు కూడ చదువవలెను.

చీజ్ అనునది మన జున్ను కాదు. పాలను విరుగజేయుటకు రెన్నెట్ అను పదార్థము వాడుదురు. అది పూర్వము దూడ కడుపునుండి తీయబడెడిది. ఇప్పుడు సూక్ష్మజీవులనుండి తయారగునదియు కలదు. ఏది వాడిరో అడుగుట మన హక్కు. పిండి ఈస్టుతో పొంగించినది, నిలువ ఉంచినది. నిన్నటి వంట తినని నియమము గలవారికి ఈ భోజనము సరిపడదు. వారికి వేరుగా చెప్పవలసినది లేదు.

అడిగినచో ఫలమున్నదా యని సందేహింపనక్కరలేదు. అహమ్మదాబాదులో పిజ్జా హట్ వారు పూర్తిగా శాకాహారమైన శాఖనే తెరచిరి. గిరాకీదారు కోరిన సరకును తెప్పింపని వర్తకుడెవడు?

ఇంట చేయవలసినది

నియమములలో ఇంటింటికి కొంత భేదముండును. మీ ఇంట ఏది తగును, ఏది తగదు అనునది పిల్లలకు కారణముతో చెప్పుడు. ఒక పగటివేళ వారితో కూడ ఆ దుకాణమునకు పోయి, పలక చదివి, సాసు గురించి మీరే అడుగుడు. తగినది దొరకనిచో లేచి వచ్చుటయు వారికొక పాఠమగును. స్నేహితులతో పోవలెనని కోరినచో రాత్రి కంటె పగలు పొండని చెప్పుడు. సూర్యాస్తమయమునకు ముందు భోజనము ముగించు నియమము దానితో నిలుచును.

ఇంటి రొట్టె, పప్పు, కూర ఇచ్చు బలము మైదాపిండి ఇయ్యజాలదు. కావున ఇది నిత్యభోజనము కారాదు. అప్పుడప్పుడు తిన్నప్పుడు మాత్రము లెక్క చూచుకొని, అడిగి తెలుసుకొని, ఇంట చెప్పి తినవలెను. తిన్నదానిని తల్లిదండ్రులతో నిర్భయముగా చెప్పగల పిల్లవాడు రేపు కొట్టులోని నగదును కూడ అట్లే లెక్క చెప్పును.