బజారు ధర ఎవరి చేతిలో ఉంది?

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు ఒక రైతు సరుకు తెచ్చాడనుకోండి. అందరికన్నా కిలోకు 50 రూపాయలు ఎక్కువ కావాలని పట్టుబడితే రీలరు పక్క రాశి దగ్గరికి వెళ్తాడు. రీలరు మరీ తగ్గించి అడిగితే రైతు ఇంకొకరికి ఇస్తాడు. కొనేవారూ అమ్మేవారూ అనేకమంది ఉండి, సరుకు ఒకే రకమైనదై, ధర అందరికీ తెలిసి ఉంటే ఏ ఒక్కరూ ధరను శాసించలేరు. ఆర్థికశాస్త్రంలో దీని పేరు పరిపూర్ణ పోటీ.

కాని గూళ్ళు ఆగవు. ఏరిన వారం పది రోజుల్లో పట్టు చిలుక గూటిని తొలుచుకుని బయటికొస్తుంది, దారం పాడవుతుంది. ఈ తొందర ఎరిగిన దళారి రైతును ఊళ్ళోనే ఆపి, మార్కెట్ ధర చెప్పకుండా కొనేస్తే అది పోటీ కాదు. బిడారులు బజారు చేరకముందే ఎదురెళ్ళి సరుకు కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడికి, బజారుకొచ్చాక బేరం రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. ధరలు పెరిగినప్పుడు మీరే ధర కట్టండని అనుచరులు కోరితే మాత్రం ఆయన (స) అంగీకరించలేదని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించారు. అంటే ధరను బజారుకు వదిలారు, బజారులో మోసాన్ని వదల్లేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం సంగతి వేరు. తన కారు ధర తానే ప్రకటిస్తుంది. అయితే పోటీ కంపెనీలు కొద్దే కాబట్టి వాటి ధరలపై ఒక కన్ను వేసి ఉంచాలి. ఇది పరిమిత స్వామ్యం.

ధర్మవరంలో సొంతంగా మగ్గం నేసేవారి లెక్క అన్నిటికన్నా చిక్కుది. ఉదాహరణకు చీర 9,000కు అమ్ముడైంది, పట్టుకూ జరీకీ రంగుకూ 6,000 పోయింది. మిగిలిన 3,000 లాభమని సంతోషిస్తాం. కాని భార్యాభర్తలిద్దరూ పది రోజులు కష్టపడ్డారు. బయట రోజుకు 300 చొప్పున పని దొరికేదైతే ఇద్దరికీ 6,000 వచ్చేవి. ఆ లెక్కన ఇది 3,000 నష్టం. వదులుకున్న ఈ కూలినే అవకాశ వ్యయం అంటారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళ పనిని ఎవరూ లెక్కలో రాయరు, అందుకే ఈ నష్టం కనబడదు.

ఇంటిపట్టున ఉండే పని కదా అని కొందరు ఆ తేడాను ఇష్టపడే భరిస్తారు. అది వారి నిర్ణయం. మగ్గానికి ఎప్పుడో పెట్టిన డబ్బు మాత్రం ఈ లెక్కలోకి రాదు, నేసినా నేయకపోయినా అది పోయినదే. చీర ధర 6,000 కన్నా దిగితే మాత్రం నేసే ప్రతి చీరా చేతి డబ్బును తినేస్తుంది. ఆ రోజు మగ్గం ఆపడమే తక్కువ నష్టం.