లగ్గాలు లేని ఎండాకాలంలో ఫొటోగ్రాఫర్ పని

నారాయణఖేడ్‌లో స్టూడియో నడిపేవాళ్లకు, వాళ్ల దగ్గర కెమెరా పట్టే కుర్రాళ్లకు లగ్గాలున్న రోజుల్లో నిద్రకు కూడా తీరిక ఉండదు. మూఢం వచ్చినా, అధికమాసం వచ్చినా గిరాకీ ఆగిపోతుంది. ఆ ఖాళీ రోజుల్లో కెమెరాను బీరువాలో పెట్టకండి, ఊరి బయటికి తీసుకెళ్లండి.

ఇందుకు గట్టి కారణమే ఉంది. మన కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకుంటే, హక్కు తీయించుకున్నవాళ్లదే. అంటే ఎన్ని పెళ్లిళ్లు తీసినా అందులో మీది అనదగ్గది చాలా తక్కువ. మీ సొంత సమయంలో, మీ ఇష్టం కొద్దీ తీసిన రేలపూల ఫొటో మాత్రం పూర్తిగా మీది. దాన్ని క్యాలెండర్‌కు అమ్మినా, ఫ్రేము కట్టి ఇచ్చినా ఎవరినీ అడగనక్కర్లేదు.

మన దగ్గర మే రెండో వారంలో మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నీడ కాళ్ల కిందికి చేరిపోతుంది కాబట్టి ఆ వెలుగులో చెట్టయినా, పిట్టయినా చదునుగా, తెల్లబారి కనిపిస్తుంది. ఆ నెలలో పొద్దు పొడిచేది సుమారు 5:45కు. అప్పటినుంచి ఏడున్నర దాకా పక్కవాటంగా పడే ఎండే మీకు పనికొచ్చేది. నల్లరేగడి నెర్రెల లోతు తెలిసేది ఆ వెలుగులోనే. పాలపిట్ట జత కట్టే కాలం కూడా ఇదే. మగది పైకెగిరి గాల్లో పల్టీలు కొడుతూ దిగుతుంది. రెక్కల నీలం పట్టుకోవాలంటే షట్టర్ 1/2000కు తగ్గకూడదు. సింగూరు జలాశయంలో నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డు బురదలో కొంగలు చేరతాయి. మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడికి వెళ్లొద్దు.

ఉన్నది ఉన్నట్టు తీయడం పెళ్లి పనిలో రోజూ చేసేదే. ఖాళీ రోజుల్లో వేరే పద్ధతులు పట్టుకోండి. మొదటిది, షట్టర్ తెరిచి ఉండగానే కెమెరాను కదపడం. ఐఎస్ఓ 100, ఎఫ్/16 పెట్టండి. నిండు ఎండలో అప్పుడు షట్టర్ 1/100 దగ్గర వస్తుంది. లెన్స్‌కు ఎన్‌డీ64 ఫిల్టర్ బిగిస్తే అది అర సెకనుకు పైగా సాగుతుంది. తాటిచెట్ల వరుసకు ఎదురుగా నిలబడి, బటన్ నొక్కుతూనే కెమెరాను కింది నుంచి పైకి నిదానంగా లేపండి. మానులు నిలువు చారలవుతాయి, వెనక ఆకాశం అందులో కరిగిపోతుంది. చాలా ఫ్రేములు పోతాయి, పోనివ్వండి. చేతికి ఆ వేగం అలవాటయ్యాక బరాత్‌లో దీపాలను, డాన్సును ఇదే పద్ధతిలో తీయవచ్చు. ఇప్పుడు అందరి ఆల్బమ్‌లూ ఒకేలా ఉంటున్నాయి కాబట్టి గిరాకీకి ఇది తేడా చూపిస్తుంది.

రెండోదానికి కెమెరానే అక్కర్లేదు, ఎండ చాలు. సయనోటైప్ అంటారు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుల అచ్చులతో ఏకంగా ఒక పుస్తకమే మొదలుపెట్టింది. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను చీకటి గదిలో సమంగా కలిపి, మందపాటి కాగితానికి బ్రష్‌తో పూసి ఆరబెట్టాలి. దాని మీద తంగేడు కొమ్మో, చింతాకు రెమ్మో పరిచి, పైన అద్దం పెట్టి ఎండలో ఉంచాలి. పచ్చగా ఉన్న పూత బూడిద రంగుకు తిరిగాక తీసి నీళ్లలో కడగండి. ఎండ తగిలినచోట ముదురు నీలం తేలుతుంది, ఆకు ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. ఫొటోనే నెగెటివ్‌గా మార్చి పారదర్శక షీటు మీద ప్రింటు తీస్తే, కొత్త జంట బొమ్మను కూడా ఇలాగే అచ్చు వేసి ఆల్బమ్ అట్టకు అతికించవచ్చు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. వంటగిన్నెలు వాడొద్దు, ఆ రసాయనానికి యాసిడ్ తగలనివ్వొద్దు.

కెమెరా కంపెనీలు మామూలుగా 40 డిగ్రీల వరకే హామీ ఇస్తాయి. మన ఎండ అది దాటుతుంది. బ్యాగును బండి డిక్కీలో ఉంచకండి, తెల్లగుడ్డ కప్పండి. పొలంలో దుమ్ము లేచేటప్పుడు లెన్స్ మార్చకండి. మీ ఒంటికి కూడా ఇదే వర్తిస్తుంది. తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి.

గూళ్ల జోలికి పోవద్దు. ఫొటో కోసం గూటికి అడ్డొచ్చిన కొమ్మ విరిస్తే పిల్లలు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ పాడుచేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. అంతకన్నా ముందు, అది మనం చేయాల్సిన పని కాదు.

తీసినవాటిని రా ఫైళ్లతో సహా, తేదీల వారీగా రెండు చోట్ల దాచుకోండి, రేపు హక్కు గొడవ వస్తే అవే సాక్ష్యం. ఈసారి లగ్గాలు మొదలవగానే బుకింగ్ రసీదు మీద, కొన్ని ఫొటోల హక్కు, వాటిని మీ ప్రచారానికి వాడుకునే అనుమతి మీకుంటాయని రాసి పార్టీతో సంతకం తీసుకోండి.